అమెరికా బడిలో పిల్లలను చేర్చే హైదరాబాద్ కుటుంబాలు తుపాకుల విషయంలో ఏమి తెలుసుకోవాలి, ఎలా అడగాలి

ప్రతి వేసవిలోనూ హైదరాబాద్ నుంచి ఎన్నో కుటుంబాలు అమెరికాకు తరలివెళ్తాయి. నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో వీసా పని ముగిసింది మొదలు టీకాల పత్రాలు, టీసీలు, మార్కుల జాబితాలు, పచ్చళ్ల ప్యాకింగు అంటూ ఇల్లంతా హడావిడిగా ఉంటుంది. ఆగస్టులో బడి తెరిచేలోగా అక్కడికి చేరాలన్న తొందరలో బడికి మంచి రేటింగు ఉందా లేదా అని చూస్తారు గాని, పాఠం చెప్పే టీచరు దగ్గర పిస్టల్ ఉండే అవకాశం ఉందా, ఉంటే ఆ సంగతి మనకు చెబుతారా అని విచారించేవారు అరుదు. ఆ కుటుంబాల కోసం, ఇక్కడే ఉండిపోయే తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. బడుల్లో కాల్పులను అడ్డుకోవడానికి టీచర్లకు తుపాకులు ఇవ్వాలా వద్దా అని అమెరికాలో సాగే చర్చ, దాడి జరిగే ఆఖరి నిమిషానికి సంబంధించినది. ఆ నిమిషం రాకుండా చేయగలిగిన పనులు అంతకు ముందు రోజుల్లో, నెలల్లో ఉంటాయి. తల్లిదండ్రులుగా మన చేతిలో ఉన్నవి కూడా ఎక్కువగా అవే.

ముందుగా వెళ్లబోయే రాష్ట్రం చట్టం చూడండి

ఆయుధాల చట్టం, 1959 దేశమంతటికీ ఒక్కటే కాబట్టి, అమెరికాలో కూడా ఒకే నియమం ఉంటుందని మనం అనుకుంటాం. అక్కడ అలా లేదు. బడి పరిసరాల్లో తుపాకీ ఉండరాదని 1990 నాటి కేంద్ర చట్టం చెబుతున్నా, రాష్ట్రాలు అనుమతించినవారికి మినహాయింపు ఉంది. అందువల్ల న్యూయార్క్‌లో పుట్టిన నియమం టెక్సాస్‌లో చెల్లదు. టీచర్లకు తుపాకీ అనుమతి ఇచ్చే అధికారం బడులకు లేకుండా న్యూయార్క్ 2019లో చట్టం చేసింది. కాలిఫోర్నియా 2017లోనే ఆ అధికారాన్ని తొలగించింది.

మన తెలుగువారు ఎక్కువగా స్థిరపడే టెక్సాస్‌లో రెండు మార్గాలున్నాయి. స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ) బోర్డు లిఖితపూర్వకంగా అనుమతించిన ఉద్యోగి ఆయుధం ఉంచుకోవడం ఒకటి, 2013 చట్టం కింద 80 గంటల శిక్షణ పొంది 'స్కూల్ మార్షల్'గా నియమితులు కావడం రెండవది. ఇవి కాక, ప్రతి ప్రభుత్వ బడిలోనూ సాయుధ రక్షకుడు ఉండాలని 2023లో మరో చట్టం వచ్చింది. ఫ్లోరిడాలో 2018 నాటి పార్క్‌లాండ్ హైస్కూలు కాల్పుల తరువాత, బడి సిబ్బంది ఆయుధం ధరించేందుకు వీలు కల్పించే 'గార్డియన్' పథకం మొదలైంది. దానికి 144 గంటల శిక్షణ కావాలి. తొలి ఏడాది తరగతి టీచర్లను ఆ పథకంలోకి దాదాపుగా రానివ్వలేదు, 2019లో వారికీ ద్వారం తెరిచారు. ఓహైయోలో ఆయుధం ధరించే టీచర్లకు పోలీసు స్థాయి శిక్షణ, అంటే 700 గంటలకు పైబడిన శిక్షణ ఉండాలని అక్కడి సుప్రీంకోర్టు 2021లో తీర్పు ఇస్తే, మరుసటి ఏడాది శాసనసభ ఆ శిక్షణను 24 గంటలకు మించకుండా కుదించింది. టెన్నెసీ 2024లో చేసిన చట్టం ప్రకారం తమ బిడ్డ టీచరు దగ్గర తుపాకీ ఉందో లేదో తల్లిదండ్రులకు తెలియజేయరు.

వీటిని వార్తల్లో వెతకకండి. మీ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో 'బోర్డు పాలసీ' విభాగం ఉంటుంది, అందులో ఆయుధాలు, భద్రత అన్న శీర్షికల కింద చూడండి. అద్దె ఇల్లు ఖాయం చేసుకోక ముందే ఆ పని చేయడం మేలు, ఎందుకంటే ఇంటి చిరునామాను బట్టే బడి నిర్ణయమవుతుంది.

చర్చలో రెండు వైపుల మాటలనూ తూచడం

టీచర్లకు తుపాకీ ఉండాలనేవారి వాదనను తేలికగా తోసిపుచ్చకూడదు. 1997లో మిసిసిపీ రాష్ట్రంలోని పెర్ల్ పట్టణంలో కాల్పులు జరిపిన విద్యార్థిని అసిస్టెంట్ ప్రిన్సిపాల్ తన వాహనంలోని పిస్టల్ తెచ్చి నిలువరించారు. టెక్సాస్‌లోని హారల్డ్ అనే చిన్న ఊరి బడి 2007లోనే తన సిబ్బందికి ఆయుధాలు అనుమతించింది. పోలీసులు వచ్చేసరికి చాలా సేపు పడుతుందని, అంతవరకు పిల్లలకు దిక్కెవరని అక్కడివారు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనది.

అయితే శిక్షణ పొందిన సాయుధులు ఉన్న చోట ఏమి జరిగిందో కూడా చూడాలి. 1999లో కొలంబైన్‌లో బడి కాపలాకు సాయుధ పోలీసు డిప్యూటీ ఉన్నాడు, ఎదురుకాల్పులు కూడా జరిపాడు, అయినా ఆ రోజు 13 మంది హత్యకు గురయ్యారు. పార్క్‌లాండ్‌లో సాయుధ అధికారి భవనం బయటే ఉండిపోయాడు, లోపల 17 మంది చనిపోయారు. 2022 మే 24న టెక్సాస్‌లోని యువాల్డీ పట్టణంలో ఉన్న రాబ్ ఎలిమెంటరీ బడికి మొత్తం 376 మంది పోలీసులు చేరుకున్నా, దుండగుడిని ఎదుర్కొనడానికి 77 నిమిషాలు పట్టింది. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు ప్రాణాలు కోల్పోయారు. వృత్తిగా ఆయుధం పట్టినవారే తడబడిన చోట, ఏడో తరగతికి భిన్నాలు చెప్పే టీచరు కొన్ని పదుల గంటల శిక్షణతో, పరుగెత్తే పిల్లల మధ్య, గురి తప్పకుండా కాల్చగలరని అనుకోవడం ఆ టీచరుపై మోయలేని భారం వేయడమే.

ఏ దాడీ లేని మామూలు రోజుల్లో ఆ తుపాకీ తెచ్చే ప్రమాదం వేరే ఉంది. 2018 మార్చిలో కాలిఫోర్నియాలోని సీసైడ్‌లో, రిజర్వు పోలీసు అధికారి కూడా అయిన ఒక టీచరు తరగతిలో భద్రత గురించి చెబుతుండగా పిస్టల్ పొరపాటున పేలింది, ఒక విద్యార్థికి స్వల్ప గాయమైంది. 2014లో యూటా రాష్ట్రంలో ఒక టీచరు బడి మరుగుదొడ్డిలో తన తుపాకీ పేలి కాలికి గాయం చేసుకున్నారు. టీచర్లు ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2023లో వెలువరించిన సర్వే ఉంది. టీచర్ల దగ్గర తుపాకులుంటే బడికి భద్రత తగ్గుతుందని 54 శాతం మంది, పెరుగుతుందని 20 శాతం మంది చెప్పారు, మిగిలినవారు తేడా ఉండదన్నారు. దూరపు పల్లెలోని బడికి వేరే లెక్క ఉండవచ్చునేమో గాని, మన కుటుంబాలు ఉండే డల్లాస్, అట్లాంటా శివార్లలో టీచర్లకు తుపాకులు ఇవ్వవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

బడిని ఏమి అడగాలి

ఏ టీచరు దగ్గర తుపాకీ ఉందో పేరు చెప్పమని అడగకండి. చాలాచోట్ల ఆ వివరం గోప్యం, ఫ్రంట్ ఆఫీసు ఉద్యోగికి చెప్పే అధికారం ఉండదు. విధానం గురించి ప్రిన్సిపాల్‌కు ఈమెయిల్ రాసి సమయం కోరండి. సిబ్బందికి ఆయుధాలు అనుమతించే తీర్మానం మీ బోర్డు చేసిందా, చేస్తే ఆ ఆయుధం రోజంతా ఒంటిమీద ఉంటుందా, తాళం వేసిన పెట్టెలో ఉంటుందా, శిక్షణ ప్రతి ఏటా తిరిగి జరుగుతుందా, పోలీసులు లోపలికి వచ్చినప్పుడు చేతిలో తుపాకీ ఉన్న టీచరును దుండగుడిగా పొరబడకుండా ఏర్పాటు ఏమిటి అని అడగండి.

అంతకంటే శ్రద్ధగా అడగవలసినవి మరికొన్ని ఉన్నాయి. తరగతి తలుపులు లోపలి నుంచి తాళం పడతాయా? యువాల్డీలో కాల్పులు జరిగిన గదుల్లో ఒకదాని తాళం సరిగా పడదని బడిలో ముందే తెలుసునని టెక్సాస్ శాసనసభ కమిటీ విచారణలో తేలింది. ఎంతమంది విద్యార్థులకు ఒక కౌన్సెలర్ ఉన్నారు? బెదిరింపు వచ్చినప్పుడు దాన్ని పరిశీలించే బృందంలో ఎవరెవరు ఉంటారు? పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే యాప్ గాని ఫోన్ నంబరు గాని ఉందా?

ఈ ప్రశ్నలకు అంత విలువ ఎందుకో మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ బడి ఉదంతం చూస్తే తెలుస్తుంది. 2021 నవంబరు 30 ఉదయం ఒక విద్యార్థి లెక్కల కాగితంపై తుపాకీ బొమ్మ, రక్తమోడుతున్న మనిషి బొమ్మ గీసి, ఆలోచనలు ఆగడం లేదు, సాయం చేయండి అని రాశాడు. టీచరు గమనించింది. కౌన్సెలర్ ఆ పిల్లవాడిని కూర్చోబెట్టి తల్లిదండ్రులను పిలిపించాడు. వారు వచ్చారు, కొద్దిసేపు మాట్లాడారు, కొడుకును ఇంటికి తీసుకుపోకుండానే వెళ్లిపోయారు. నాలుగు రోజుల ముందు తండ్రి కొన్న పిస్టల్ ఆ పిల్లవాడి బ్యాగులోనే ఉంది, ఆ బ్యాగును ఎవరూ తెరవలేదు. కొద్ది గంటల్లో అతడు జరిపిన కాల్పులకు నలుగురు విద్యార్థులు బలయ్యారు. టీచరు ఆ కాగితం చూసిన ఉదయమే దాడిని ఆపే అవకాశం ఉంది, అందుకు తుపాకీతో పని లేదు. 2024లో ఆ తల్లిదండ్రులిద్దరినీ కోర్టు దోషులుగా తేల్చి, ఒక్కొక్కరికి కనీసం పదేళ్ల జైలుశిక్ష వేసింది.

ఇళ్లలోని తుపాకుల గురించి అడగడం

ఇది మనవాళ్లకు అన్నిటికంటే మొహమాటం కలిగించే పని. అమెరికా సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి 1974 నుంచి 2000 వరకు జరిగిన 37 బడి దాడులను పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. మూడింట రెండు వంతుల దాడుల్లో తుపాకీ సొంత ఇంటి నుంచో, బంధువుల ఇంటి నుంచో వచ్చిందే. మన దేశంలో 2007 డిసెంబరులో గుర్‌గావ్‌లో ఇద్దరు విద్యార్థులు తోటి విద్యార్థిని కాల్చి చంపింది కూడా ఇంట్లోని తండ్రి పిస్టల్‌తోనే. 2023 జనవరిలో వర్జీనియాలో ఆరేళ్ల బాలుడు తన టీచరును కాల్చిన తుపాకీ వాళ్ల అమ్మది.

కాబట్టి మీ అబ్బాయి గాని అమ్మాయి గాని స్నేహితుల ఇంటికి ఆడుకోవడానికో, రాత్రి ఉండడానికో వెళ్లే ముందు ఆ ఇంటివారిని అడగండి. అక్కడి పిల్లల వైద్యులు కూడా ఇలా అడగమనే సలహా ఇస్తారు. "మా వాడికి వేరుశనగ పడదు. మీ ఇంట్లో పెంపుడు కుక్క ఉందా? తుపాకీ ఉంటే అది తాళంలో ఉంటుంది కదా?" అని ఇతర జాగ్రత్తలతో కలిపి అడిగితే ఎవరూ నొచ్చుకోరు. తుపాకీని తూటాలు తీసేసి తాళం వేసి ఉంచడం, తూటాలను విడిగా మరో తాళంలో ఉంచడం సరైన పద్ధతి. తాళంచెవి పిల్లలకు దొరికే చోట ఉంటే ఆ తాళం ఉన్నా లేనట్టే.

రక్షణ కోసం మనమే ఒక తుపాకీ కొంటే ఏమని కొందరు తెలుగు కుటుంబాలవారు అంటూ ఉంటారు. హెచ్-1బీ, హెచ్-4 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు వేట లైసెన్స్ వంటి మినహాయింపులు లేకుండా తుపాకీ గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. స్నేహితుడి పేరుతో కొని ఇంట్లో పెట్టుకోవడం వీసాకే ముప్పు తెస్తుంది.

పిల్లలకు చెప్పవలసిన సంగతులు

విమానం ఎక్కక ముందే లాక్‌డౌన్ డ్రిల్ (దాడి జరిగితే తరగతిలో ఎలా దాక్కోవాలో చేయించే సాధన) గురించి చెప్పండి. హైదరాబాద్ బడిలో అగ్నిమాపక డ్రిల్ చూసిన పిల్లలకు అది కొత్తేమీ కాదని, చేసి చూసుకోవడం మాత్రమేనని వివరించండి. చాలా డిస్ట్రిక్టులు హోల్డ్, సెక్యూర్, లాక్‌డౌన్, ఇవాక్యుయేట్, షెల్టర్ అనే ఐదు ఆదేశాలు వాడతాయి. కొత్త యాసలో మైకులో వినబడినప్పుడు పిల్లలు తికమకపడకుండా ఇంట్లోనే రెండు మూడుసార్లు పలికించండి. లాక్‌డౌన్ అంటే తలుపు తాళం, దీపాలు ఆర్పడం, బయటివారికి కనబడకుండా మౌనంగా కూర్చోవడం.

మన పిల్లలు ఆటలో "చంపేస్తా రా" అని రోజుకు పదిసార్లు అంటారు. ఆ మాట ఇంగ్లీషులో అక్కడి బడిలో అంటే, చాట్‌లో రాస్తే, పోలీసుల దాకా వెళ్తుంది. దీపావళి బొమ్మ తుపాకీని సరదాగా బ్యాగులో వేసుకుపోయినా సస్పెన్షన్ రావచ్చు. ఈ విషయం భయపెట్టకుండా, స్పష్టంగా, ఒకటికి రెండుసార్లు చెప్పాలి.

తోటి పిల్లవాడు తుపాకీ తెస్తానన్నా, ఎవరినైనా కాలుస్తానన్నా, తాను చచ్చిపోతానన్నా వెంటనే పెద్దలకు చెప్పడం చాడీలు చెప్పడం కాదని పిల్లలకు నేర్పండి. పైన చెప్పిన నివేదికలోనే, పది దాడుల్లో ఎనిమిదింటి సంగతి ముందుగా కనీసం ఒకరికి తెలుసునని, వారిలో ఎక్కువమంది తోటి పిల్లలేనని ఉంది. చెప్పిన పిల్లవాడిని ఇంట్లో ఎవరూ "నీకెందుకు ఆ గొడవ" అని గద్దించకూడదు.

హైదరాబాద్‌లో ఉన్న పెద్దలు ఏమి చేయాలి

యువాల్డీలో దుండగుడు బడిలోకి ప్రవేశించినప్పుడు అక్కడ ఉదయం 11:33 గంటలు, హైదరాబాద్‌లో రాత్రి పది దాటింది. ఇటువంటి వార్త సాధారణంగా మనం పడుకునే వేళకే టీవీ స్క్రోలింగులో వస్తుంది. అప్పుడు తాతయ్యలకు, నానమ్మలకు మనవడి ఫోన్‌కు కాల్ చేయాలనిపించడం సహజమే. ఎట్టి పరిస్థితిలోనూ ఆ పని చేయవద్దు. చీకటి గదిలో దాక్కున్న పిల్లల దగ్గర ఫోన్ మోగితే, వెలిగితే, వారున్న చోటు బయటపడుతుంది. కాల్స్ ఎక్కువైతే అవసరమైనవారికి లైన్లు దొరకవు.

ముందే ఒక ఏర్పాటు చేసుకోండి. అక్కడ తల్లి గాని తండ్రి గాని ఒక్కరు, ఇక్కడ బంధువులలో ఒక్కరు, ఈ ఇద్దరి మధ్యే సందేశాలు సాగాలి. మిగిలినవారంతా ఇక్కడి ఆ ఒక్కరినే అడగాలి. బడి పేరు, ఊరు, కౌంటీ (మన జిల్లా వంటిది) ఒక కాగితంపై రాసి ఫ్రిజ్‌కు అతికించుకోండి, ఎందుకంటే టీవీలో "టెక్సాస్‌లో కాల్పులు" అనగానే కంగారుపడేవారిలో చాలామందికి ఆ ఊరు తమ పిల్లలు ఉండే చోటికి వందల మైళ్ల దూరంలో ఉందని తెలియదు. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే వీడియోలను, చనిపోయినవారి పేర్లను ఎవరికీ పంపకండి. అక్కడి తల్లిదండ్రులు బడి ప్రాంగణానికి పరుగెత్తకుండా, పిల్లలను అప్పగించే చోటు ఎక్కడో డిస్ట్రిక్ట్ పంపే సందేశం చూసి, ఫోటో ఉన్న గుర్తింపు కార్డుతో అక్కడికే వెళ్లాలి. కార్డులో పేరు, బడి రికార్డులో పేరు ఒకేలా ఉన్నాయో లేదో చేర్పించే రోజునే సరిచూసుకోండి. ఇంటిపేరు ముందు ఉండడం, పాస్‌పోర్టులో ఒకలా, బడిలో మరోలా ఉండడం మన తెలుగు కుటుంబాలలో తరచుగా ఎదురయ్యే చిక్కు, ఆ రోజు దానివల్ల బిడ్డను అప్పగించడం ఆలస్యం కావచ్చు.