చెవి కుట్టించినా, పచ్చబొట్టు వేయించినా: గాయం మానేదాకా జాగ్రత్తలు

చెవి కుట్టించుకున్నా, ముక్కు కుట్టించుకున్నా, చేతిమీద టాటూ వేయించుకున్నా మొదట మిగిలేది గాయమే. అందం ఆ తర్వాతి సంగతి. శుభ్రమైన చోట, శుభ్రమైన సూదితో చేయించుకుంటే ఈ గాయాలు చాలావరకు వాటంతటవే మానతాయి. చెడిపోయేది ఎక్కువగా ఇంట్లోవాళ్ల అతి శ్రద్ధవల్ల. ఒకరు పసుపు పెడతారు, ఒకరు గోరువెచ్చటి కొబ్బరినూనె చుక్క వేస్తారు, ఇంకొకరు రోజూ పొద్దున్నే కమ్మ తిప్పమంటారు. నిజానికి చేయాల్సిన పని రోజుకు పది, పదిహేను నిమిషాలు మించదు. మానుకోవాల్సినవే ఎక్కువ.

చెవి, ముక్కు

సూది చేసిన దారిలో కొత్త చర్మం రెండు చివర్ల నుంచీ మొదలై మధ్యకు పెరుగుతుంది. అందుకే పైకి మానినట్టే కనిపించినా లోపల చాలా వారాలు పచ్చిగా ఉంటుంది. చెవి తమ్మెకు 6 నుంచి 8 వారాలు, ముక్కు పక్కకు 4 నుంచి 6 నెలలు పడుతుంది. చెవి పైభాగంలో, అంటే మృదులాస్థి ఉన్నచోట, 6 నెలల నుంచి ఏడాది. బొడ్డుకూ దాదాపు అంతే. కమ్మను తిప్పిన ప్రతిసారీ లోపలి లేత చర్మం చిరుగుతుంది, బయట ఎండిన పక్కు లోపలికి జారుతుంది. తిప్పకపోతే కమ్మ అతుక్కుపోతుందని పెద్దవాళ్లు భయపడతారు. అతుక్కునేది ఎండిన రసి మాత్రమే. ఉప్పునీళ్లు తగలగానే అది కరిగిపోతుంది.

మెడికల్ షాపులో ‘నార్మల్ సెలైన్’ అని అడగండి. అందులో 0.9 శాతం ఉప్పు తప్ప ఇంకేమీ ఉండదు. 100 మిల్లీలీటర్ల సీసా చవకే, కానీ మూత తీశాక ఒక్కరోజులో పారబోయాలి. 5, 10 మిల్లీలీటర్ల చిన్న ప్లాస్టిక్ గొట్టాలు దొరికితే పూటకొకటి వాడుకోవచ్చు, వృథా కాదు. ఏదీ దొరకని చోట అరలీటరు నీళ్లు బాగా మరిగించి చల్లార్చి, ముప్పావు టీచెంచా పొడి ఉప్పు కలపండి. చెంచా తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే గాయం త్వరగా మానదు సరికదా, చర్మం మండి, ఎండి, పగులుతుంది. ఈ నీళ్లు కూడా ఏ రోజువి ఆ రోజే.

రోజుకు రెండుసార్లు చాలు. సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోండి. గాజ్ ముక్కను సెలైన్‌లో తడిపి కుట్టు ముందువైపు రెండు మూడు నిమిషాలు ఆనించి పట్టుకోండి, తర్వాత వెనకవైపు. పక్కు మెత్తబడుతుంది. దానంతటది ఊడివచ్చినంతే తుడవండి, గోటితో గిల్లొద్దు. తర్వాత శుభ్రమైన టిష్యూ కాగితంతో అద్దండి. శీల వెనక తడి నిలిస్తే అక్కడ చర్మం నాని ఉబ్బుతుంది కాబట్టి ఈ ఆరబెట్టడం మరిచిపోకూడదు. దూది, కాటన్ బడ్ వాడితే పోగులు తీగకు చుట్టుకుంటాయి. తువ్వాలు పోగులకు కమ్మ తగులుకుంటే ఒక్క లాగుతో వారాల పని మొదటికొస్తుంది. తలస్నానం రోజున షాంపూ, సబ్బు అంతా కడిగేశాక చివర్లో కుట్టును శుభ్రం చేసుకోండి.

డెటాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ పెడితే క్రిములతోపాటు కొత్తగా పుడుతున్న కణాలు కూడా చస్తాయి. నియోస్పోరిన్, సోఫ్రామైసిన్ లాంటి ఆయింట్‌మెంట్లు కుట్టును జిడ్డుతో మూసేస్తాయి. పైగా వాటిలోని మందు కొందరికి పడదు, దురదతో ఎర్రగా పొక్కుతుంది. అది చూసి చీము పట్టిందనుకుని ఇంకాస్త రాస్తారు. వంటింటి పసుపులో క్రిముల బీజాలుంటాయి, పలుకులు కుట్టులో ఇరుక్కుంటాయి. అన్నిటికంటే ప్రమాదం చీపురుపుల్ల, వేపపుల్ల. రంధ్రం మూసుకోకుండా పుల్ల గుచ్చడం అంటే పచ్చి గాయంలో పీచు, మట్టి పెట్టడమే. ధనుర్వాతం వచ్చే దారి అది. పిల్లలకు 6, 10, 14 వారాల టీకాలు మూడూ పడ్డాకే చెవులు కుట్టించమనేది ఇందుకే. పెద్దవాళ్లు చివరి టీటీ లేదా టీడీ ఇంజెక్షన్ తీసుకుని పదేళ్లు దాటితే ముందుగా ఒకటి వేయించుకోవాలి.

మొదటి కొన్ని రోజులు కొంచెం ఎరుపు, వాపు, ముట్టుకుంటే నొప్పి, పల్చటి తెల్లటి లేదా లేత పసుపు రసి మామూలే. అది ఎండితే పక్కు కడుతుంది. చిక్కగా, పసుపుపచ్చగా లేదా ఆకుపచ్చగా, వాసనతో వచ్చేది చీము. ఈ తేడా తెలియక మామూలు రసికే యాంటీబయాటిక్ మింగేవాళ్లు చాలామంది.

ఏ లోహం, ఎంత పొడవు

మొదటి కమ్మకు ఇంప్లాంట్ గ్రేడ్ టైటానియం, అంటే ఒంట్లో అమర్చే పరికరాలకు వాడే రకం, అన్నిటికంటే మంచిది. 14, 18 క్యారట్ల గట్టి బంగారమూ ఫరవాలేదు, కలిపిన లోహంలో నికెల్ లేకపోతే చాలు. మన ఇళ్లలో కుట్టుకు పెట్టే 22 క్యారట్ల తీగ చాలామందికి ఇబ్బంది పెట్టదు. కానీ మెత్తటి లోహం, గీతలు పడతాయి, ఆ గీతల్లో మురికి చేరుతుంది. నునుపుగా ఉందో లేదో వేలితో చూసుకుని పెట్టించండి. వెండి పచ్చి గాయంలో వద్దు. గిల్టు, వన్ గ్రామ్ గోల్డ్ అసలే వద్దు: పూత పోగానే కింద ఉన్న రాగి, నికెల్ నేరుగా గాయానికి తగులుతాయి.

వాపుకు చోటుండాలి. శీల బిగించాక తమ్మెకూ శీలకూ మధ్య రెండు మిల్లీమీటర్లయినా ఖాళీ ఉండేలా చూడండి. ఖాళీ లేకపోతే వాచిన చర్మం శీలను మింగేస్తుంది. పసిపిల్లల్లో ఇది తరచూ జరుగుతుంది, ఎందుకంటే జారిపోతుందని గట్టిగా బిగిస్తారు. వారానికోసారి పిల్ల నిద్రపోతున్నప్పుడు తమ్మె వెనక్కి తిప్పి శీల కనిపిస్తోందో లేదో చూడాలి. కనిపించకపోతే ఇంట్లో లాగొద్దు, డాక్టరు తీయాలి.

గన్నుతో కుట్టే చోట ఒక్కటే గుర్తుంచుకోండి. తమ్మెకు ఎలాగో సరిపెట్టుకోవచ్చేమో గానీ చెవి పైభాగానికి, ముక్కుకు వద్దే వద్దు. మొండి మొనను బలంగా నెట్టడంతో మృదులాస్థి నలుగుతుంది. ప్లాస్టిక్ గన్నును ఆవిరితో శుద్ధి చేయడమూ కుదరదు. ఒకసారి వాడి పారేసే బోలు సూదితో కుట్టించుకోండి.

పడుకోవడం, హెల్మెట్, తీయడం

చెవి పైభాగం కుట్టించుకున్నవాళ్లకు తరచూ వచ్చే గడ్డకు ముఖ్య కారణం ఆ పక్కకే తిరిగి పడుకోవడం. కమ్మ వంకరగా నొక్కుకుని కుట్టు పక్కన ఎర్రటి బొడిపె లేస్తుంది. ప్రయాణాల్లో మెడకు పెట్టుకునే దిండు తెచ్చుకుని మధ్య ఖాళీలో చెవి వచ్చేలా పడుకుంటే ఒత్తిడి పోతుంది. దిండు గలీబు మీద శుభ్రమైన కాటన్ చొక్కా తొడిగి రోజూ మార్చండి. హెల్మెట్ పెట్టేటప్పుడు రెండు పట్టీలనూ వెడల్పుగా లాగి నిలువుగా దించాలి. ఇయర్‌ఫోన్లు, జడలో పూలకు పెట్టే పిన్నులు, మాస్కు తాళ్లు కూడా చూసుకోండి. బొడ్డు కుట్టించుకుని చీర కట్టేవాళ్లు లంగా బొందును రెండంగుళాలు కిందికి కట్టుకోవాలి, లేకపోతే ఆ రాపిడికి గాయం ఎన్నాళ్లకూ మానదు.

ముక్కుపుడక శీల రోజూ రాత్రి బిగువుగా ఉందో లేదో చూసుకోండి. వదులైన శీల నిద్రలో జారి ఊపిరి గొట్టంలోకి పోవడం అరుదే కానీ జరిగే ప్రమాదమే.

కొత్త ముక్కు కుట్టు పుడక తీసిన కొద్ది గంటల్లోనే బిగుసుకుపోతుంది. నీట్ పరీక్షకు కమ్మలు, పుడకలు తీసేయాల్సిందే కాబట్టి ఆ ఏడాది రాసే అమ్మాయిలు పరీక్ష అయ్యాకే కుట్టించుకోవాలి. పెళ్లికూతురైతే ముహూర్తానికి కనీసం ఆరు నెలల ముందు. అలా కుదరక నెల ముందు కుట్టించి ఉంటే నలుగుపిండి, పసుపు, మేకప్ కుట్టు దరిదాపులకు రానివ్వకండి. బరువైన బుట్టలు కొత్త తమ్మెకు తగిలించకండి.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు

చెవి పైభాగమంతా ఎర్రగా ఉబ్బి, వేడిగా, ముట్టుకోనివ్వనంత నొప్పిగా ఉండి, కింద తమ్మె మాత్రం మామూలుగా ఉంటే ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరును కలవండి. తమ్మెలో మృదులాస్థి లేదు కాబట్టి అది బాగుంటుంది, జబ్బు పైభాగంలోని మృదులాస్థి మీది పొరలో ఉంటుంది. దీనికి తరచూ కారణమయ్యే సూడోమోనాస్ అనే క్రిమికి షాపువాడు ఇచ్చే అమాక్సిసిలిన్ పనిచేయదు. రెండు మూడు రోజులు పోనిస్తే మృదులాస్థి కరిగి చెవి ముడుచుకుపోవచ్చు.

జ్వరం, కుట్టు నుంచి పాకే ఎర్రటి గీత, ఆగని చీము ఉన్నా ఆగొద్దు. అప్పుడు కూడా కమ్మను మీరే తీసేయకండి. రంధ్రం మూసుకుని చీము లోపలే ఉండిపోతుంది. నెలలు గడిచాక కుట్టు దాటి పెరిగే గట్టి, నున్నటి గడ్డ కీలాయిడ్ కావచ్చు. కోసేస్తే చాలాసార్లు ఇంకా పెద్దదై వస్తుంది కాబట్టి చర్మ వైద్యులు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో మొదలుపెడతారు. ఇదివరకు కీలాయిడ్ వచ్చినవాళ్లు మళ్లీ కుట్టించుకోకపోవడమే మేలు, టాటూ కూడా. షుగరు ఉన్నవాళ్లు అదుపులోకి తెచ్చుకున్నాకే ఏదైనా.

తిండి సంగతి. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గోంగూర నంజు చేస్తాయని మాన్పిస్తారు. గాయం పూడ్చుకోవడానికి శరీరానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు మానేస్తే నష్టం మీకే.

పచ్చబొట్టు

టాటూ రంగు చర్మంలో ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున నిలుస్తుంది. పైచర్మం 2 నుంచి 4 వారాల్లో మూసుకుంటుంది, లోపలి పొర కుదురుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మామూలు ప్లాస్టిక్ కవరు చుట్టి పంపితే రెండు నుంచి నాలుగు గంటల్లో తీసేయండి. మన ఉక్కపోతలో దానికింద చెమట, రక్తం కలిసి క్రిములకు పొదరిల్లవుతుంది. చర్మానికి అంటుకునే పల్చటి పారదర్శక ఫిల్మ్ వేస్తే మూడు నుంచి ఐదు రోజులు ఉంచవచ్చు. కింద రసి చేరి అంచు దాకా వస్తే మాత్రం తీసి, కడిగి, కొత్తది వేయించుకోవాలి.

తర్వాత రోజుకు రెండు మూడుసార్లు గోరువెచ్చటి నీళ్లు, వాసన లేని లిక్విడ్ సబ్బుతో అరచేత్తో కడగండి. స్క్రబ్బరు, పీచు వద్దు. టిష్యూతో అద్ది, పది నిమిషాలు గాలికి ఆరనిచ్చి, వాసన లేని మాయిశ్చరైజర్ పల్చగా రాయండి. రాసినట్టు తెలియనంత పల్చగా ఉండాలి. పెట్రోలియం జెల్లీ మందంగా పూస్తే చెమట బయటికి రాక చిన్న పొక్కులు లేస్తాయి, పక్కులు నాని రంగుతో సహా ఊడతాయి.

నాలుగో రోజుకో వారానికో పొట్టు లేస్తుంది. రంగు అంటిన పొట్టు చూసి కంగారు పడొద్దు, అది పైచర్మంలో మిగిలిన రంగే. దురద విపరీతంగా ఉంటుంది. గోకకుండా అరచేత్తో తట్టండి, చల్లటి తడిగుడ్డ వేయండి. గోటితో లాగిన పక్కు చోట తెల్లటి ఖాళీ మిగులుతుంది. నాలుగు వారాలు ఈత, చెరువు, పుష్కర స్నానం, హోలీ రంగులు మానుకోండి. బండి మీద వెళ్లేటప్పుడు వదులు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. మానని టాటూకు సన్‌స్క్రీన్ రాయకూడదు, బట్టే రక్ష. మానాక ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకంటే ఎక్కువది గానీ రాస్తూ ఉంటే రంగు వెలవదు.

జాతరల్లో, సంతల్లో ఒకే సూదితో వరసగా పొడిచే చోట వేయించుకుని ఉంటే ఎంత బాగా కడిగినా ఆ ప్రమాదం పోదు. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ సూదిద్వారా వస్తాయి. ఆలస్యం చేయకుండా, వీలైతే 24 గంటల్లోపే డాక్టరును కలిసి హెపటైటిస్ బి టీకా, పరీక్షల గురించి అడగండి. మొదటి పరీక్షలో ఏమీ లేదన్నా సరిపోదు, మూడు నెలలకు మళ్లీ చేయించాలి.

ఎరుపు రంగు వేసినచోట మాత్రమే కొన్ని వారాలకో నెలలకో ఉబ్బి దురద పెడితే అది రంగు పడకపోవడం. చర్మ వైద్యులకు చూపించండి. మిగతా చోట్ల రంగు పాలమబ్బు కమ్మినట్టు మసకగా ఉంటే పైన కొత్త చర్మం ఇంకా మందంగా ఉందని అర్థం. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి చూసి, అప్పటికీ ఖాళీలుంటేనే వేసినవాళ్ల దగ్గర సరిచేయించుకోండి.