లేఆఫ్ అయినవాళ్లతో టాక్ షో: మైకు చేతికిచ్చే ముందు చూసుకోవాల్సినవి

వర్క్‌షాపులో ముప్పైమందిని గుండ్రంగా కూర్చోబెట్టి "మీ అనుభవాలు చెప్పండి" అంటే చాలామంది తల దించుకుంటారు. ముగ్గుర్ని ముందు కూర్చోబెట్టి, యాంకర్ ఒకరు మామూలు కబుర్లలా అడుగుతుంటే నోళ్లు తెరుచుకుంటాయి. ఒక్కోసారి అవసరానికి మించి తెరుచుకుంటాయి. ఎదురుగా అంతమంది శ్రద్ధగా వింటుంటే మనిషి చెప్పాలనుకోనిది కూడా చెప్పేస్తాడు. గదికి చేరాక "అదెందుకు అన్నాను" అని నిద్రపట్టదు. బెంగళూరులో ఉద్యోగం పోయిన తెలుగువాళ్ల కోసం ఇలాంటి సెషన్ పెట్టేవాళ్లు వారం ముందే పని మొదలుపెట్టాలి.

అతిథులు ముగ్గురు చాలు. 45 నిమిషాలు సంభాషణ, 15 నిమిషాలు ప్రశ్నలు, ఆ తర్వాత 20 నిమిషాలు ఐదుగురేసి చిన్న గుంపుల్లో మాట్లాడుకోవడం. ఈ చివరి భాగాన్ని టైమ్ లేదని కోసేయకండి, అసలు ఊరట దొరికేది అక్కడే. ఉద్యోగం పోయి నెల కూడా కానివాళ్లను వేదిక ఎక్కించకండి, వినడానికి రమ్మనండి. ముగ్గురూ మళ్లీ జాబ్ తెచ్చుకున్నవాళ్లే అయితే వినేవాళ్లకు లోపమంతా తమలోనే ఉందనిపిస్తుంది. ఒక్కరైనా ఇంకా వెతుక్కుంటున్నవాళ్లు ఉండాలి.

ఒక్కో అతిథితో ముందుగా అరగంట ఫోన్లో మాట్లాడండి. మొదట అడగాల్సింది: ఇంట్లో తెలుసా? బెల్లందూరు పీజీలో ఉంటూ, దాచుకున్న డబ్బులోంచి నెలనెలా కడపకో కాకినాడకో పంపుతూ, అమ్మానాన్నలకు ఇంకా చెప్పనివాళ్లు ఉంటారు. అర నిమిషం వీడియో ఎవరి వాట్సాప్ స్టేటస్‌లోనో పడితే సాయంత్రానికి మేనమామ ఫోన్ చేస్తాడు. రెండోది: బయటికొచ్చేటప్పుడు ఏ కాగితం మీద సంతకం పెట్టారు? కంపెనీ గురించి చెడుగా మాట్లాడననీ, ఇచ్చిన మొత్తం బయటపెట్టననీ అందులో ఉండొచ్చు. కాబట్టి కంపెనీ పేరు, మేనేజర్ పేరు, సెటిల్‌మెంట్ అంకె ఏవీ వేదికమీదికి రాకూడదు. పేరు దాచినా టీమ్ పేరు, రింగ్ రోడ్ మీద ఫలానా టెక్ పార్క్, ఫలానా నెల అని మూడూ కలిపితే తెలిసిపోతుంది. మూడోది: ఏ విషయం ఎత్తకూడదు? అది యాంకర్ కార్డు మీద ఎర్ర ఇంకుతో రాసుకోవాలి. పరిచయంలో ఇంటిపేరు వద్దు. దాన్ని పట్టుకుని కులం ఆరా తీసేవాళ్లు మన గుంపుల్లో లేరని అనుకోలేం.

ప్రశ్నలు సంఘటన చుట్టూ ఉండాలి. "అప్పుడు మీకెలా అనిపించింది?" అని అడిగితే మనిషి నేరుగా గాయం దగ్గరికే పోతాడు. "ల్యాప్‌టాప్ ఇచ్చేసి బయటికొచ్చాక ఎక్కడికెళ్లారు? ముందు ఎవరికి ఫోన్ చేశారు?" అని అడిగి చూడండి. టీ కొట్టు దగ్గర గంటసేపు నిలబడ్డానని చెప్తాడు. ఎంత లోతుకు దిగాలో అతనే తేల్చుకుంటాడు. ప్రతి అతిథి ముందూ ఒక పసుపు కార్డు పెట్టండి. అది బోర్లా తిప్పితే ఆ ప్రశ్న అక్కడితో సరి, ఎందుకని అడగకూడదు.

కళ్లలో నీళ్లు తిరిగితే యాంకర్ తన మైకు దించేయాలి. నీళ్లిచ్చి, నెమ్మదిగా "ఇక్కడితో ఆపేద్దామా, రెండు నిమిషాలు ఆగుదామా?" అని అడగాలి. చప్పట్లు కొట్టించకండి. ఎవరి ఏడుపూ కార్యక్రమం రక్తి కట్టడానికి కాదు.

ప్రేక్షకుల వైపునుంచి వచ్చే పెద్ద ముప్పు సలహాలు. "అన్నా, ఇన్నాళ్లూ క్లౌడ్ నేర్చుకోకుండా ఏం చేశావ్?" అన్న ఒక్క మాటతో ఆ మనిషి ముడుచుకుపోతాడు. అందుకే ప్రశ్నలు చీటీల మీద, పేరు లేకుండా రాయించండి. ఒకరు వాటిని ఏరి యాంకర్‌కు అందించాలి. అతిథి అడిగితేనే సలహా.

చేతిమైకులు రెండు చాలు. కాలర్ మైకు చున్నీకో పట్టుచీర పైటకో రాసుకుని గరగరమంటుంది. స్పీకర్ బాక్సులు మైకులకంటే ముందుండాలి, వెనక పెడితే కీచుమంటుంది. కొత్త బ్యాటరీలు ఒక జత జేబులో ఉంచుకోండి. రికార్డింగ్ వద్దనుకోవడమే మేలు. తప్పదనుకుంటే ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు ఉంచుతారో, వద్దంటే ఎలా తీసేస్తారో రాసి సంతకం తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వాన పడితే మారతహళ్లి దాటడం గగనం. అందుకని ఆదివారం ఉదయం పదిన్నరకు పెట్టుకోండి.

ఎవరైనా "బతకాలని లేదు" అంటే కార్యక్రమం ఆపండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా ఒకరు పక్కగదికి తీసుకెళ్లాలి. మానసిక ఆరోగ్య సాయానికి ఉన్న టెలి-మానస్ హెల్ప్‌లైన్ నంబర్ 14416 గోడమీద పెద్ద అక్షరాలతో ముందే అతికించి ఉంచండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఈ సేవకు ప్రధాన కేంద్రం బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్సే. కాల్ ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణాపాయం కనిపిస్తే 112.

మర్నాడు ముగ్గురు అతిథులకూ ఫోన్ చేయండి. నిద్రపట్టిందా అని అడగండి. చెప్పినదాంట్లో ఏదైనా మీ నోట్సులోంచి తీసేయమంటే, వాళ్లు లైన్లో ఉండగానే కొట్టేయండి.