ఘాట్ ఎక్కే ముందు బ్రేక్ పెడల్ చూసుకోండి

కార్తీకం వచ్చిందంటే విజయనగరం నుంచి ఎస్.కోట మీదుగా అరకు వెళ్లే కార్లు వరుస కడతాయి. సాలూరు దాటి పి.కోనవలస ఘాట్ మీదుగా కొరాపుట్ వెళ్లేవారూ ఉంటారు. టైర్లలో గాలి, ట్యాంకులో డీజిల్, డిక్కీలో వంటసామాను అన్నీ చూసుకుంటారు. బ్రేక్ సంగతి అడిగితే మాత్రం, “కొంచెం లోపలికి పోతోంది గానీ, రెండుసార్లు కొడితే పట్టుకుంటుంది” అంటారు. నాకు గుబులు పుట్టించే మాట ఇదే. రెండో తొక్కుడుకు పట్టే బ్రేకంటే చెడిపోయిన బ్రేకే. మలుపులో ఎదురుగా బస్సు వచ్చినప్పుడు రెండోసారి తొక్కే వ్యవధి ఎవరిస్తారు?

ఎస్.కోట దాకా ఈ లోపం పెద్దగా తెలియదు. ఎక్కేటప్పుడూ బ్రేకుతో అంత పని పడదు. సాయంత్రం నిండు కారుతో అనంతగిరి నుంచి దిగేటప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. అందుకే ప్రయాణానికి వారం ముందే చూసుకోవాలి. ముందురోజు రాత్రి చూస్తే లోపం తెలుస్తుంది గానీ బాగుచేయించే సమయం ఉండదు.

బండి చదునైన చోట ఆపి, ఇంజిన్ నడుస్తుండగా పెడల్‌ను ఓ మాదిరి బలంతో తొక్కి అర నిమిషం అలాగే పట్టుకోండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పటి కంటే పెడల్ కొంచెం మెత్తగా అనిపించడం మామూలే. పాదం కింద మెల్లగా దిగిపోతూ ఉంటే మాత్రం అనుమానించాలి. ఎక్కడో బ్రేక్ ఆయిల్ కారుతుండాలి, లేదా మన తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీళ్లు అరిగి ఉండాలి. అలా కాకుండా, స్పాంజిలా అణిగి, వరుసగా తొక్కితే పైకి వచ్చి గట్టిపడితే ఆయిల్ పైపుల్లో గాలి చేరినట్టే. ఆయిల్ ఒత్తిడికి అణగదు, గాలి అణుగుతుంది. మీ బలమంతా ఆ బుడగను నొక్కడానికే సరిపోతుంది. గట్టిగానే ఉండి బాగా కింద పడుతుంటే వెనక చక్రాల డ్రమ్ముల్లో ఒరుసుకుని ఆపే షూలు అరిగాయేమో, సర్దుబాటు తప్పిందేమో చూడమనండి. ఇక పెడల్ మరీ రాయిలా ఉండి బండి ఆగకపోతే అది మన తొక్కుడుకు బలం జోడించే బూస్టర్ గొడవ, దాని దారి వేరు.

కారుతోందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. రాత్రి నాలుగు చక్రాల కింద, ఇంజిన్ కింద పాత వార్తాపత్రికలు పరచండి. ఏసీ నీళ్ల మరక తెల్లారేసరికి ఆరిపోతుంది. బ్రేక్ ఆయిల్ మరక జిడ్డుగా అలాగే ఉంటుంది. వేలితో తాకితే జారుతుంది, కానీ ఇంజిన్ ఆయిల్‌లా మొండికేయకుండా నీళ్లతో కడిగితే పోతుంది. వెనక చక్రం లోపలి వైపు టైరు తడిసి ఉందా అన్నదీ చూడండి, డ్రమ్ములోని సిలిండర్ కారితే అక్కడే కనిపిస్తుంది. భీమిలి, కళింగపట్నం, బారువ వంటి తీరప్రాంతాల్లో తిరిగే బండ్లకు ఉప్పుగాలి వల్ల ఇనుప పైపులు తుప్పు పట్టే ప్రమాదం ఎక్కువ కాబట్టి వాటినీ చూడాలి.

బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గిందని పైనుంచి పోసేసి చేతులు దులుపుకోవద్దు. డిస్కును పట్టి ఆపే ప్యాడ్లు అరిగినా మట్టం తగ్గుతుంది, కారినా తగ్గుతుంది. ఏదో తేల్చాకే పోయాలి. ఈ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తడి చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. ఘాట్ దిగుతూ బ్రేక్ మీదే కాలు ఉంచితే ఆ వేడికి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ ఒక్కసారిగా నేలకంటుతుంది. పైకి బాగానే కనిపిస్తున్నా రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించమనేది అందుకే. సీలు తీయని సీసానే కొనండి. డబ్బా మూత మీద రాసి ఉన్న రకమే పోయాలి. ఇంజిన్ ఆయిల్ కాస్త పడినా రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

బ్రేక్ పైపుల్లోంచి గాలి తీయించేటప్పుడు పక్కనే నిలబడండి, మొహమాటం వద్దు. చాలా కార్లకు మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. కొన్నిటికి వరుస వేరు కాబట్టి మాన్యువల్ చూడమనండి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకున్నాకే చక్రం దగ్గర గాలి, ఆయిల్ బయటికి వదిలే నిపుల్ వదులు చేయాలి, అది బిగించాకే పాదం తీయాలి. పారదర్శకమైన గొట్టంలో బుడగలు ఆగిపోయేదాకా ఇలా సాగాలి. మధ్యలో డబ్బా ఖాళీ అయితే మళ్లీ గాలి చేరి పని మొదటికొస్తుంది. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి వెళ్లిన కొన్ని కార్లకు, బండి కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ లేనిదే పని పూర్తికాదు. ప్యాడ్లు మార్చిన బండిని షెడ్డులోనే, పెడల్ గట్టిపడేదాకా తొక్కి తర్వాతే కదపండి. ఇంటివాళ్లను ఎక్కించే ముందు ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపి చూడండి.

దిగేటప్పుడు రెండో గేరు, అవసరమైతే మొదటిది. డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దింపేవారితో నాకు వాదించే ఓపిక లేదు, వారి బండి ఎక్కను. దారిలో పెడల్ మెత్తబడితే ఇంజిన్ ఆపవద్దు. వరుసగా తొక్కుతూ, గేర్లు ఒక్కొక్కటిగా తగ్గిస్తూ, హ్యాండ్‌బ్రేక్‌ను మెల్లమెల్లగా లాగుతూ కొండవైపు ఆపండి. ఆగాక గేరులో ఉంచి చక్రానికి రాయి పెట్టండి. వేడెక్కిన డిస్కు మీద నీళ్లు పోయవద్దు, బీట్లు వారవచ్చు. చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడినా నమ్మి దిగవద్దు. ఆవిరి తగ్గిందంతే, ఆయిల్‌లోని తడి అలాగే ఉంది. అక్కడి నుంచి బండిని లాగే వాహనం మీదే కిందికి చేర్చండి.