బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని ప్రతి వరుసకూ పద్దు పెట్టడం ఎలా?

నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిస్తే వరుసలన్నీ ఒకేలా కనిపిస్తాయి. ముందు ‘యూపీఐ’ అని ఉంటుంది, తర్వాత 12 అంకెల నంబరు, సగంలో తెగిపోయిన ఎవరిదో పేరు, పక్కన 340 రూపాయలు. అవి కూరగాయలకు ఇచ్చామా, ఆటోకి ఇచ్చామా? పది రోజులు దాటితే గుర్తు రాదు. ఇంటి లెక్కలు రాయాలని ఉత్సాహంగా మొదలుపెట్టి మధ్యలో మానేసేది చాలామంది ఇక్కడే.

అందుకని మొదటి పని ఫోన్‌లోనే చేయండి. డబ్బు పంపేటప్పుడు యూపీఐ యాప్‌లో నోట్ రాసే చోటు ఉంటుంది. ‘పాలు’, ‘ట్యూషన్’, ‘చేబదులు’ అని ఒక్క మాట రాయండి. కొన్ని బ్యాంకుల స్టేట్‌మెంట్లలో ఆ మాట కూడా వస్తుంది. రాకపోయినా యాప్ హిస్టరీలో దొరుకుతుంది. మిగతా పనంతా దీనివల్లే తేలికవుతుంది.

ఇక సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, లెక్కలు రాసుకునే గ్నూక్యాష్ అనే ప్రోగ్రాం ఉదాహరణతో చెబుతాను. ఇది ఉచితం, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది, పద్దుల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. మీరు వేరేది వాడుతున్నా పద్ధతి ఇంచుమించు ఇదే.

1. ముందు పద్దుల జాబితా

గ్నూక్యాష్‌లో ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు, మూలధనం (లెక్క మొదలుపెట్టేనాటికి ఉన్న సొంత సొమ్ము) అని అయిదు పెద్ద విభాగాలు ఉంటాయి. ఖర్చుల కింద పదిహేను పద్దులు మించకుండా మొదలుపెట్టండి: కిరాణా, కూరగాయలు, పాలు, అద్దె, కరెంటు, పెట్రోలు, ఫీజులు, మందులు, బయటి తిండి, పెళ్లిళ్లు-కానుకలు, ఇలా. నేను మొదటిసారి ఉల్లిపాయలకూ టమాటాలకూ కూడా వేరే పద్దులు పెట్టాను. రెండు వారాల్లో విసుగొచ్చింది. ఒక పద్దు కావాలా వద్దా అని తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు: ‘ఈ మొత్తం విడిగా తెలిస్తే వచ్చే నెల నేను ఏమైనా మార్చుకుంటానా?’ మార్చుకోనంటే పై పద్దులో కలిపేయండి. తర్వాత ఏదైనా పద్దు తీసేయాలనిపిస్తే, అందులోని లావాదేవీలను ఎక్కడికి మార్చాలో సాఫ్ట్‌వేరే అడుగుతుంది కాబట్టి భయం లేదు.

2. స్టేట్‌మెంట్ ఎక్కించడం

నెట్‌బ్యాంకింగ్‌లో స్టేట్‌మెంట్‌ను సీఎస్‌వీ (పట్టికను సాదా అక్షరాల్లో దాచే రకం) ఫైలుగా దించుకోండి. ఫైల్ మెనూలో ఇంపోర్ట్ దగ్గర సీఎస్‌వీ లావాదేవీలను ఎంచుకుని, ఏ నిలువు వరుసలో తేదీ, వివరణ, జమ, ఖర్చు ఉన్నాయో చూపించండి. తేదీ పద్ధతి రోజు-నెల-సంవత్సరంగా ఉందో లేదో తప్పకుండా చూడండి. లేకపోతే ఏప్రిల్ 5 కాస్తా మే 4 అయిపోతుంది. ఈ అమరికను ఒక పేరుతో దాచుకుంటే వచ్చే నెల మళ్లీ చూపించక్కర్లేదు.

తర్వాత వచ్చే కిటికీలో ప్రతి వరుసకూ పద్దు ఎంచుకోవాలి. మొదటి నెల గంట పట్టినా ఓపిక పట్టండి. వివరణలోని మాటలను బట్టి మీరు ఏ పద్దు ఎంచుకున్నారో సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకుని తర్వాతి నెలల్లో తానే సూచిస్తుంది. కానీ సూచనను చూడకుండా ఒప్పుకోవద్దు. మొదట్లో తప్పు పద్దు ఇస్తే అదే నేర్చుకుంటుంది.

3. ఖర్చు కానిదాన్ని ఖర్చులో వేయకూడదు

నెల ఖర్చు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. ఏటీఎంలో 5,000 తీస్తే డబ్బు బ్యాంకులోంచి జేబులోకి వచ్చింది, అంతే. దాన్ని ‘చేతిలో నగదు’ అనే ఆస్తి పద్దుకు మార్చండి. ఆ నగదుతో కూరగాయలు కొన్నప్పుడే ఖర్చు. క్రెడిట్ కార్డు బిల్లు కట్టడమూ అంతే. కార్డు గీకిన రోజే ఖర్చు రాసేశాం కాబట్టి బిల్లు కట్టడం అప్పు తీర్చడమే. రెండు చోట్లా ఖర్చు రాస్తే లెక్క రెట్టింపవుతుంది.

స్నేహితుడికి ఇచ్చిన చేబదులు ‘రావలసినవి’ అనే ఆస్తి. చీటీ పాడుకోక ముందు కట్టే వాయిదా పొదుపు, పాడుకున్నాక కట్టేది అప్పు తీర్చడం. వస్తువు వెనక్కి ఇస్తే తిరిగొచ్చిన డబ్బును ఆదాయంలో వేయకండి. ఏ పద్దులో ఖర్చు రాశారో అదే పద్దులో తగ్గించండి.

4. ఒకే బిల్లును విడగొట్టడం

సూపర్ మార్కెట్లో 2,340 కట్టారనుకుందాం. అందులో కిరాణా 1,610, పిల్లల బట్టలు 480, మందులు 250. లావాదేవీని ఎంచుకుని స్ప్లిట్ నొక్కితే మూడు పద్దులకూ పంచవచ్చు. ప్రతి బిల్లుకూ ఇంత శ్రమ అక్కర్లేదు, పెద్ద మొత్తాలకు చాలు. ఇంటి లోను వాయిదాకు మాత్రం తప్పదు. 18,500 కట్టినప్పుడు 13,200 వడ్డీ అయితే అది ఖర్చు, మిగతా 5,300 అసలు, అంటే అప్పు తగ్గింది. ఈ అంకెలు బ్యాంకు ఇచ్చే వాయిదాల పట్టికలో నెలవారీగా ఉంటాయి.

5. లేబుల్ వేరు, పద్దు వేరు

పద్దు ‘దేనికి’ అని చెబితే లేబుల్ ‘ఏ సందర్భంలో’ అని చెబుతుంది. మా నాన్నగారి కంటి ఆపరేషన్ అప్పుడు డబ్బు మందులకు, క్యాబ్‌కు, క్యాంటీన్‌కు, గదికి పోయింది. వాటిని వాటి వాటి పద్దుల్లోనే ఉంచి, ప్రతిదాని నోట్స్‌లో ‘#నాన్న-కన్ను’ అని రాశాను. బీమా కాగితాలు పెట్టే రోజు ఆ మాటతో వెతికితే అన్నీ ఒక్కచోట వచ్చాయి. ఆ టెన్షన్‌లో రసీదుల కోసం బీరువాలు వెతికే పని తప్పింది.

గ్నూక్యాష్‌లో లేబుల్‌కు విడిగా గడి లేదు. వ్యూ మెనూలో డబుల్ లైన్ పెట్టుకుంటే నోట్స్ వరుస కనిపిస్తుంది, కంట్రోల్-ఎఫ్‌తో వెతకవచ్చు. లేబుల్‌ను ప్రతిసారీ ఒకేలా రాయండి. ఒకసారి ‘#పెళ్లి’ అనీ మరోసారి ‘#పెళ్ళి’ అనీ రాస్తే వెతుకులాటలో సగమే దొరుకుతాయి.

6. ఆదివారం పావుగంట

వారానికోసారి కూర్చోండి. పద్దు పెట్టకుండా వదిలేసినవి ‘ఇంబాలెన్స్-ఐఎన్ఆర్’ అనే ఖాతాలోకి చేరతాయి. దాన్ని తెరిచి ఒక్కొక్కటీ సరైన పద్దుకు మార్చండి. అన్నీ మార్చేస్తే అక్కడ సున్నా మిగులుతుంది. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లోని నిల్వ, బ్యాంకు చూపించే నిల్వ రూపాయితో సహా కలిశాయో లేదో చూసుకుని, ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీసి పెట్టండి.