పాత కన్ఫిగ్ ఫైళ్లు పాడవకుండా ఫార్మాట్ మార్చడం ఎలా?

రెండేళ్ల కిందట మా టూల్ కన్ఫిగ్‌లో, అంటే సెట్టింగులు రాసుకునే ఫైల్‌లో, నేనో ఘనకార్యం చేశాను. 'టైమౌట్' అనే కీ (సెట్టింగు పేరు) విలువ సెకన్లలో ఉండేది. మిగతావన్నీ మిల్లీసెకన్లలో ఉన్నాయి కదా అని దాన్నీ అలాగే మార్చేశాను. రిలీజ్ నోట్స్‌లో రాశాను కూడా. ఎవరు చదువుతారండీ! అందరి ఫైళ్లలోనూ 30 అలాగే ఉండిపోయింది. అరనిమిషం ఆగాల్సిన రిక్వెస్టులు 30 మిల్లీసెకన్లకే తెగిపోయాయి. రాత్రంతా నెట్‌వర్క్ వాళ్లని వేపుకుతిని, తెల్లారుజామున కనుక్కున్నాను, తప్పు నాదేనని.

అందుకే పాత కీకి కొత్త అర్థం ఇవ్వకండి. 'టైమౌట్_ఎంఎస్' అని కొత్త కీ పెట్టండి. పాతది కనిపిస్తే వెయ్యితో హెచ్చవేసి కొత్తదాంట్లో వేయండి. రెండూ ఉన్నాయా? మీరు తీర్పు చెప్పొద్దు, స్టార్టప్‌లోనే ఆపేసి అడగండి.

ఈ మార్పిడంతా ఫైల్ చదివే చోటే, ఒక్క ఫంక్షన్‌లో జరగాలి. అది దాటాక మిగతా కోడ్‌కి పాత ఫార్మాట్ ఒకటుందనే తెలియకూడదు.

ఫైల్ మొదట్లో 'వెర్షన్: 2' లాంటి లైను ఉండాలి, లేకపోతే 1 అనుకోవాలి. కన్ఫిగ్ ఫైళ్లు రాయడానికి వాడే యామల్ ఫార్మాట్ సంగతే చూడండి. దాని 1.1 వెర్షన్‌లో కోట్స్ లేకుండా 'నో' అని రాస్తే ఫాల్స్ అయిపోతుంది, పాపం నార్వే దేశం కోడ్ కూడా అదే. 2009లో వచ్చిన 1.2 దాన్ని సరిచేసింది. కానీ ఫైళ్లలో వెర్షన్ రాసేవాళ్లు అరుదు, యామల్ చదివే పైథాన్ లైబ్రరీ పైయామల్ ఇప్పటికీ 1.1 పద్ధతిలోనే చదువుతుంది.

'ఈ కీ పాతబడింది' అని హెచ్చరిస్తే ఎవరూ కదలరు. ఫైల్ పేరు, లైన్ నంబరు, దాని బదులు రాయాల్సిన లైను, మూడూ చూపించండి, అదీ స్టార్టప్‌లో ఒక్కసారే. జావాస్క్రిప్ట్ కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్ 2024లో 9వ వెర్షన్‌తో కొత్త కన్ఫిగ్‌ని డిఫాల్ట్ చేసినా, ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెడితే పాతదీ నడిచేలా ఉంచింది. గడువు ఇవ్వడమంటే అలా.

ఫైల్‌ని మార్చిపెట్టే కమాండ్ ఇస్తే ఇంకా మేలు, కాకపోతే కామెంట్లు చెరిగిపోకూడదు. 'దీన్ని ముట్టుకోవద్దు, ఫలానా సర్వర్ పడిపోతుంది' లాంటివన్నీ టూల్ వాడేవాళ్లు రాసుకునేది అక్కడే.

ప్రతి రిలీజ్ నాటి అసలు కన్ఫిగ్ ఫైల్‌ని టెస్టుల ఫోల్డర్‌లో దాచండి. టెస్టు ఫెయిలైతే కోడ్ మార్చండి, ఆ ఫైల్‌ని మాత్రం దిద్దకండి. నా ఫోల్డర్‌లో మొదటి ఫైల్ ఆ 30 ఉన్నదే.