విశాఖ సముద్రంలో ఫొటోలు ఆకుపచ్చగా, మసగ్గా వస్తున్నాయా?

రుషికొండలో గానీ, మంగమారిపేట రాళ్ల దగ్గర గానీ తీసిన ఫొటో పాడైతే చాలాసార్లు తప్పు కెమెరాది కాదు. లెన్సుకీ చేపకీ మధ్య ఉన్న నీళ్లది. ఆ నీళ్లు ఎంత తగ్గిస్తే ఫొటో అంత బాగుపడుతుంది.

ఫొటో అంతా ఆకుపచ్చగా ఉంది, ఎరుపు అసలు లేదు

నీళ్లు ముందు ఎరుపునే మింగేస్తాయి. 5 మీటర్ల లోతుకే అది దాదాపు పోతుంది, తరవాత నారింజ, ఆపైన పసుపు. లోతొక్కటే లెక్క కాదు. 4 మీటర్ల లోతున్న చేపని 2 మీటర్ల దూరం నుంచి తీస్తే వెలుతురు 6 మీటర్ల నీళ్లు దాటి వచ్చినట్టు. దానికి తోడు మన తీరంలో గెడ్డలు తెచ్చే మట్టి, కంటికి కనబడనంత చిన్న నాచు కలిసి నీలాన్ని కూడా తినేస్తాయి. అందుకే మిగిలేది ఆకుపచ్చ.

అండమాన్ ఫొటోలు చూసి ఎర్ర ఫిల్టరు (లెన్సు ముందు తగిలించే రంగు పలక) కొనేస్తారు చాలామంది. అది నీలం నీళ్లకి పనికొచ్చేది. ఆకుపచ్చ నీళ్లకి మెజెంటా (ముదురు గులాబీ) ఫిల్టరు కావాలి. ఏ ఫిల్టరైనా వెలుతురు తగ్గిస్తుంది కాబట్టి మబ్బు పట్టిన రోజు తీసి జేబులో పెట్టుకోవడమే మేలు.

ఫిల్టరు కొనేముందు డబ్బు ఖర్చు లేని పని ఒకటుంది. తెల్ల ప్లాస్టిక్ పలక ఒకటి తీసుకెళ్లి, ఫొటో తీసే లోతులోనే దాన్ని చూపించి వైట్ బ్యాలెన్స్ (ఏది తెలుపో కెమెరాకి చెప్పే సెట్టింగు) పెట్టండి. 2, 3 మీటర్లు దిగినా ఎక్కినా మళ్లీ పెట్టాలి. ఎండ మీ వీపు వైపు ఉండాలి. కెమెరాలో రా ఫార్మాట్ (కెమెరా దిద్దకుండా దాచే ఫైలు) ఉంటే అందులోనే తీయండి, ఇంటికొచ్చాక రంగు దిద్దుకోవచ్చు.

ఫొటో నిండా మంచు కురిసినట్టు తెల్లచుక్కలు

లెన్సు పక్కనే ఉన్న ఫ్లాష్, మధ్యలో తేలే ప్రతి ఇసక రేణువునీ వెలిగించేస్తుంది. ముందు కెమెరాలో ఉన్న ఫ్లాష్ ఆపేయండి. టార్చి ఉంటే చెయ్యి పక్కకి చాపి, లెన్సు కంటే కాస్త వెనక్కి పట్టుకుని, వెలుగు అంచు మాత్రమే చేప మీద పడేలా తిప్పండి. నడిబొడ్డు వెలుగు నేరుగా కొడితే చుక్కలు తప్పవు.

సగం ఇసక మనం లేపిందే. అడుగున నిలబడకండి, ఫిన్లు (కాళ్లకి తొడిగే ఈత రెక్కలు) పైకెత్తి ఉంచండి. ప్రవాహానికి ఎదురుగా వెళ్లి తీస్తే లేచిన ఇసక వెనక్కి పోతుంది. భీమిలిలో గోస్తనీ కలిసే చోట వానలు పడ్డాక కొన్నాళ్లు ప్రయత్నించడం దండగ. 3 మీటర్లు మించి కనబడని రోజు అర మీటరు దూరంలో ఉన్నదాన్నే తీయండి, మిగతాది వదిలేయండి. పొద్దున్న తొమ్మిది, పదకొండు మధ్య బాగుంటుంది: ఎండ లోపలికి దిగుతుంది, మధ్యాహ్నపు గాలి ఇంకా లేవదు.

మసగ్గా వచ్చింది

ఫొటో పెద్దది చేసి చూడండి. అన్నీ ఒకే వైపు గీతలా సాగితే చెయ్యి కదిలింది: షట్టరు వేగం కనీసం 1/125 సెకను, ఈదే చేపకి 1/250, చీకటైతే ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని పట్టే సున్నితత్వం) 800 దాకా పెంచండి. వెనక రాయి స్పష్టంగా ఉండి చేప మసకైతే ఫోకస్ తప్పింది. చాలా యాక్షన్ కెమెరాలు 30 సెంటీమీటర్ల కంటే దగ్గరికి ఫోకస్ చేయలేవు, దగ్గరికెళ్లమన్నామని లెన్సు ఆనించకండి. జూమ్ మాత్రం వద్దు. స్కూబాలో (గాలి సిలిండరుతో దిగేటప్పుడు) కెమెరా కదలకూడదని ఊపిరి బిగబట్టడం అంతకంటే వద్దు, అది ప్రాణం మీదికొస్తుంది.

ప్రతి ఫొటోలోనూ ఒకే చోట మసకుంటే అద్దం మీద గాలి బుడగ, వేలిముద్ర, లేదా లోపలి ఆవిరి. బుడగని వేలితో తుడిస్తే పోతుంది. ఆవిరికి కారణం మన ఉక్కపోత: బీచిలో వేడిగాలితో హౌసింగ్ (కెమెరాని నీళ్ల నుంచి కాపాడే పెట్టె) మూస్తే, నీళ్లలో చల్లబడి లోపల చెమ్మ పడుతుంది. పొద్దున్నే ఏసీ గదిలో మూసి, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, నీళ్లలో దిగేదాకా తడి తువ్వాలు చుట్టి నీడలో పెట్టండి.

పౌచ్‌లో ఫోను తాకితే పలకడం లేదు

నీళ్లలో టచ్ పనిచేయదు. పైనే కెమెరా తెరిచి, వాల్యూమ్ బటన్‌తో తీయండి. ఫోను మీద ఐపీ68 (నీళ్లని తట్టుకుంటుందని చెప్పే గుర్తు) అని ఉన్నా ఆ పరీక్ష మంచినీళ్లలో చేసేది, ఉప్పునీళ్ల హామీ కాదు.

హౌసింగ్‌లో నీటి చుక్క కనబడింది

ఓ-రింగ్ (మూత దగ్గర నీళ్లు చొరకుండా ఆపే రబ్బరు రింగు) మీద ఒక్క వెంట్రుక ఉన్నా చాలు, నీళ్లు లోపలికొస్తాయి. రింగు తీసి, వేళ్ల మధ్య మెల్లగా లాగుతూ తడమండి. గరుగ్గా తగిలిన చోట ఇసకో, కోతో ఉంటుంది. కోత ఉంటే మార్చేయండి. తయారీదారు చెప్పిన గ్రీజు బియ్యపు గింజంత చాలు, రింగు మెరవాలి గానీ జిడ్డు కనబడకూడదు. పెట్రోలియం జెల్లీ రాయకండి. తరవాత కెమెరా లేకుండా, లోపల టిష్యూ పెట్టి, బకెట్ నీళ్లలో అరగంట ముంచి చూడండి.

సముద్రంలోనే కారిందా? కెమెరా ఆపేసి, అద్దం కిందికి ఉంచి, మామూలు వేగంతోనే పైకి రండి. బ్యాటరీ, కార్డు తీసేసి ఆ రోజే రిపేరుకివ్వండి. బియ్యం డబ్బాలో పెట్టడం దండగ, ఉప్పు పోదు. కారకపోయినా ఇంటికి రాగానే మూసిన హౌసింగ్‌ని మంచినీళ్లలో అరగంట నానబెట్టి, ప్రతి బటనూ పదిసార్లు నొక్కండి. తల తుడుచుకుని, చేతులు ఆరాకే మూత తీయండి. జుట్టు నుంచి కారే చుక్క కూడా ఉప్పునీళ్లే.