ఏళ్ల తరబడి ఆగిన పాత కారు: తాళం తిప్పే ముందు

కవరు తీసి, దుమ్ము దులిపి, కొత్త బ్యాటరీ తగిలించగానే చెయ్యి తాళం మీదికి పోతుంది. కాస్త ఆగండి. ఏళ్లపాటు కదలని ఇంజిన్‌లో సిలిండర్ గోడల మీది ఆయిల్ పొర ఎప్పుడో జారిపోయి ఉంటుంది. పిస్టన్ రింగులు తుప్పుతో అతుక్కుపోయి ఉండొచ్చు. ఆ స్థితిలో స్టార్టర్‌తో బలవంతం చేస్తే రింగులు విరుగుతాయి, గోడలు గీసుకుపోతాయి.

ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రోజు వదిలేయండి. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ (ఇంజిన్ ముందు భాగంలో బెల్టు తిప్పే చక్రం) బోల్టుకు పానా వేసి చేత్తో మెల్లగా తిప్పండి. తిరక్కపోతే ఇంకొన్ని రోజులు నాననివ్వండి. పానాకు పొడవాటి పైపు తొడిగి బలం చూపిస్తే పని పెరుగుతుందే తప్ప తగ్గదు. తిరిగిందా, సగం టెన్షన్ తీరినట్టే.

డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ తెల్లగా, నురగగా ఉంటే అందులో నీళ్లు చేరినట్టు. ఎక్కణ్ణుంచి వచ్చాయో తేలేదాకా స్టార్ట్ చేయకండి. బాగున్నా సరే, ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చాల్సిందే.

పాత పెట్రోల్ జిగురుగా మారి కార్బ్యురేటర్ జెట్లలో, అంటే పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రాల్లో పేరుకుంటుంది. ఇథనాల్ కలిసినదైతే తేమను కూడా పీల్చుకుంటుంది. దాని మీదే కొత్తది పోయకుండా ట్యాంకు ఖాళీ చేయండి. నాకు అన్నిటికంటే భయం పెట్రోల్ రబ్బరు పైపులంటేనే. చూడ్డానికి బాగానే ఉంటాయి, వంచితే పగుళ్లు బయటపడతాయి. వేడెక్కిన ఎగ్జాస్ట్ మీద నాలుగు చుక్కలు పడినా మంటే. పాతవి ఉంచుకోవద్దు. పెట్రోల్ మంట మీద నీళ్లు పోయకూడదు కాబట్టి డ్రై పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికి అందేలా పెట్టుకోండి.

ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుకల గూడు ఉందేమో, వైర్లు కొరికాయేమో చూడండి. బ్యాటరీ దగ్గరా ఒక చిక్కుంది: 1950ల నాటి బ్రిటిష్ కార్లు చాలావాటిలో బాడీకి కలిపేది పాజిటివ్ టెర్మినల్‌ను. అలవాటు కొద్దీ నెగటివ్‌ను బాడీకి బిగిస్తే డైనమో, రేడియో లాంటివి పాడవుతాయి.

ప్లగ్గులు బయటే ఉంచి, ప్లగ్గులకు కరెంటు పంపే కాయిల్ వైరు పీకి, పెట్రోల్ రాకుండా ఆపి, స్టార్టర్‌ను పది సెకన్ల చొప్పున తిప్పండి. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచాకే ప్లగ్గులు బిగించాలి. రేడియేటర్‌లో కూలెంట్ ఉందో లేదో చూశాక, కారును ఆరుబయటికి తోసుకెళ్లి, చక్రాలకు అడ్డుపెట్టి స్టార్ట్ చేయండి. మూసిన షెడ్డులో వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మొదట కాసేపు వచ్చే నీలి పొగ మీరు పోసిన ఆయిలుదే, కంగారు పడొద్దు. కానీ కొన్ని సెకన్లలో ప్రెషర్ కనిపించకపోతే వెంటనే ఆపేయండి. యాక్సిలరేటర్ తొక్కి రేజ్ చేయడం అసలే వద్దు.

ఇంజిన్ ఎంత హాయిగా నడుస్తున్నా బండిని అప్పుడే రోడ్డెక్కించకండి. ఇన్నేళ్లలో బ్రేక్ ఆయిల్ తేమ పీల్చి ఉంటుంది, చక్రాల దగ్గర బ్రేకులను నొక్కే వీల్ సిలిండర్లు పట్టేసి ఉండొచ్చు. ముందు వాటి పని చూడండి.